'గివ్ ఎ డాగ్ ఎ బ్యాడ్ నేమ్': అనువాదంలో అపోహలు - వాస్తవాలు

అపోహ: 'గివ్ ఎ డాగ్ ఎ బ్యాడ్ నేమ్ అండ్ హ్యాంగ్ హిమ్' అన్న ఇంగ్లీషు సామెతకు అర్థం కుక్కకు చెడ్డపేరు పెట్టి ఉరితీయమని.

వాస్తవం: ఉరితీయమని ఎవరూ చెప్పడం లేదు. క్రియ ఆజ్ఞలా కనిపిస్తుంది గానీ చేసేది షరతు పని. తెలుగులో అక్కడ 'అంటే చాలు' రావాలి: చెడ్డపేరు పడిందంటే చాలు, ఉరితీసినట్టే. 18వ శతాబ్దం మొదట్లోని ఒక రూపంలో ఉరి ఊసే లేదు, 'హిజ్ వర్క్ ఈజ్ డన్' అని ఉంది. మనం 'వాడి పని అయిపోయింది' అంటామే, అదే. 'పేరు పెట్టి' అన్నా తప్పే, అది నామకరణం అవుతుంది.

అపోహ: 'కుక్కను చంపాలంటే పిచ్చిదని ముద్ర వెయ్యాలి' అన్న మన మాట దీనికి సరిజోడు.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మన మాటలో కుట్ర ఉంది. చంపాలని ముందే అనుకున్నవాడు సాకు వెతుక్కుంటాడు. దానికి జోడు ఇంగ్లీషులో వేరే ఉంది, జాన్ రే అనే ఇంగ్లీషు పండితుడి 1670 నాటి సామెతల సంకలనంలోనే కనిపిస్తుంది: కుక్కను ఉరితీయదలచినవాడు ముందు దానికి పిచ్చెక్కిందని చాటుతాడు. 'బ్యాడ్ నేమ్'లో కుట్రదారు ఉండనక్కర్లేదు, పడ్డ పేరు వదలదన్నదే బాధ.

ఆఫీసులో ఫైలు పోయింది. ఎప్పుడో ఒక పొరపాటు చేసిన గుమాస్తానే అందరూ ముందు అడుగుతారు, ఆ రోజు అతను సెలవులో ఉన్నా సరే. పక్క సీటామె 'గివ్ ఎ డాగ్ ఎ బ్యాడ్ నేమ్...' అని సగంలో ఆపేస్తుంది (మాటల్లో రెండో సగం తరచూ రాదు). ఇక్కడ పిచ్చికుక్కను తెస్తే ఎవరో కావాలని ఇరికించారన్న అర్థం వస్తుంది. 'ఒకసారి పేరు పడ్డాక ఏది పోయినా అతని మీదికే' అంటే సరిపోతుంది.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ మన దగ్గరే ఉంది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించింది. పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర ఎరుకలవారి మీద పడింది. చట్టం 1952లో రద్దయింది. ఆ రోజుల్లో ఎరుకలవారిని ఉంచిన బాపట్ల దగ్గరి స్టూవర్టుపురానికి 'దొంగల ఊరు' అన్న పేరు మాత్రం ఆ తర్వాతా పోలేదు.

అపోహ: తాటిచెట్టు కింద పాలు తాగిన సామెత వాడొచ్చు.

వాస్తవం: అది ఉన్న చోటును బట్టి వచ్చే అనుమానం. పాత పేరుతో దానికి పని లేదు.

అపోహ: నిజంగా తప్పు చేసి దొరికినవాడికీ వర్తిస్తుంది.

వాస్తవం: వర్తించదు. ఈ మాట అనేవాళ్లు నిందపడ్డవాడి పక్షం. అందుకే మనిషి గురించి చెప్పేటప్పుడు తెలుగులో కుక్కను వదిలెయ్యడమే మేలు. ఇంగ్లీషులో జాలిగా వినిపించేది మన చెవికి తిట్టవుతుంది.