క్రోషే, నిట్టింగ్ యాప్‌లు: అపోహలు - వాస్తవాలు

క్రోషే నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో కొందరు సూది పట్టుకోకముందే "ఏ యాప్ పెట్టుకోమంటారు మేడమ్?" అని అడుగుతున్నారు. ఏళ్ల తరబడి అల్లుతున్నవాళ్లేమో యాప్ పేరెత్తితేనే వద్దంటారు. ఇద్దరిలోనూ కొన్ని అపోహలున్నాయి.

అపోహ: యాప్ అంటే వరుసలు లెక్కపెట్టేదే, అంతే.

వాస్తవం: లెక్క అందులో చిన్న పని. మీరు నొక్కితేనే అంకె పెరుగుతుంది. నాలుగు వరుసలు విప్పేసి అంకె తగ్గించకపోతే తప్పే చూపిస్తుంది. అల్లిక చూసి వరుసలు లెక్కపెట్టడం మనకు రావాల్సిందే.

యాప్ విలువ పని మధ్యలో ఆగినప్పుడు తెలుస్తుంది. చలికాలంలో మొదలుపెట్టిన స్వెట్టర్ ఎండలు రాగానే సంచిలోకి పోతుంది. మళ్లీ తీసేసరికి ఒక చెయ్యి పూర్తయి ఉంటుంది, రెండోది ఏ సూదితో అల్లాలో గుర్తుండదు. 4 మి.మీ.దా, 3.5దా? చేత్తో పట్టుకుంటే పెద్ద తేడా ఉండదు, అల్లితే ఉంటుంది. 10 సెం.మీ.కి 18 కుట్లు రావాల్సిన చోట 20 వస్తే, 90 కుట్ల ముందు భాగం 50 సెం.మీ.కి బదులు 45 దగ్గరే ఆగిపోతుంది. వెనక భాగమూ అలాగే వస్తే ఛాతీ చుట్టుకొలతలో 10 సెం.మీ. పోయినట్టే. అందుకే మొదటి రోజే సూది సైజు, 10 సెం.మీ.కి వచ్చిన కుట్లు యాప్‌లో రాసుకోండి. ప్యాటర్న్‌లో, అంటే ఎలా అల్లాలో వరుసగా చెప్పే సూచనల్లో, మీరు చేసిన మార్పులు మాత్రం అస్సలు వదలొద్దు. "ప్రతి 6వ వరుసలో రెండు వైపులా ఒక్కో కుట్టు తగ్గించాను" అని ఒక్క ముక్క ఉంటే చాలు, రెండో చెయ్యి మొదటిదానికి జతగా వస్తుంది.

అపోహ: చేత్తో అల్లే పనిలో ఇంత లెక్క అక్కర్లేదు.

వాస్తవం: నర్సాపురం లేసునే చూడండి. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన క్రోషే అల్లిక అది. అక్కడ ఆడవాళ్లు ఇళ్ల దగ్గర అల్లిన ముక్కలను తర్వాత ఒకటిగా కలుపుతారు, దాన్నే అతుకుపని అంటారు. ఒక ముక్క వదులుగా, ఒకటి బిగుతుగా ఉంటే టేబుల్ క్లాత్ పరిచినప్పుడు ముడుచుకుపోతుంది. దారమూ సూదీ మారకుండా చూసుకోవడం చేతిపనిలో భాగమే.

అపోహ: దారానికి షేడ్ నంబరు రాసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: షేడ్ ఒకటే అయినా లాట్ (ఒకేసారి రంగు వేసిన దారాల విడత) మారితే పగటి వెలుతురులో చార కనిపిస్తుంది. ఉండ మీది లేబుల్‌ను పారేసేలోపు ఫొటో తీసి యాప్‌లో పెట్టండి. మిగిలిన దారాన్ని వంటింటి తూకం మీద తూచండి. 100 గ్రాములకు 200 మీటర్లని లేబుల్ మీద ఉంటే, మిగిలిన 35 గ్రాములు 70 మీటర్లు. టోపీకి సరిపోతుందా లేదా అని టెన్షన్ పడక్కర్లేదు.

అపోహ: డబ్బు కడితేనే పనికొచ్చేది దొరుకుతుంది.

వాస్తవం: 2007 నుంచి ఉన్న రావెల్రీ అనే అల్లికల వెబ్‌సైట్‌లో ఖాతా ఉచితం. ప్రాజెక్టులు, దారాలు, సూదులు అన్నీ అందులో రాసుకోవచ్చు, ఫోన్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. పీడీఎఫ్ ప్యాటర్న్ మీద వరుస వరుసకూ గుర్తు జరుపుకోవాలంటే నిట్‌కంపానియన్ లాంటి యాప్‌లు చూడండి.

అపోహ: యాప్‌లోకి ఎక్కించిన ప్యాటర్న్‌ను ఉన్నదున్నట్టు అల్లేయొచ్చు.

వాస్తవం: అది అమెరికా పద్ధతిదా, బ్రిటన్‌దా అన్నది ముందు చూడాలి. ఒకే కుట్టుకు రెండు చోట్లా పేర్లు వేరు: అమెరికావాళ్ల సింగిల్ క్రోషే బ్రిటన్‌వాళ్లకు డబుల్ క్రోషే. ప్యాటర్న్‌లో సింగిల్ క్రోషే అని కనిపించిందంటే దాదాపుగా అమెరికాదే. ఏ పద్ధతో ప్రాజెక్టు పేరు పక్కనే రాసిపెట్టుకోండి.

అపోహ: ఒకసారి యాప్‌లో పెడితే ఎప్పటికీ ఉంటుంది.

వాస్తవం: కొన్ని యాప్‌లు వివరాలను ఫోన్‌లోనే దాస్తాయి. యాప్ తీసేస్తే అవీ పోతాయి. సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే ప్రాజెక్టు పూర్తయిన రోజున ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి మీకు మీరే మెయిల్ చేసుకోండి.