ఒంటికన్ను రిఫరీ

చిరంజీవులు చిన్నూకి, బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. టొరంటోలో చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అయినా నిన్న మీ బావ ఐస్ హాకీ ఆట చూడటానికి వెళ్ళాను. వాడు గోల్ వేసిన సంగతి వాడే ఫోన్లో చెబుతాడులే. "రిఫరీ అంటే అదొక ఉద్యోగమా తాతయ్యా?" అని బుజ్జి అడిగింది కదా, అందుకని నేను రిఫరీనే చూస్తూ కూర్చున్నాను.

పదహారేళ్ళ పిల్ల. నలుపు తెలుపు చారల చొక్కా, చేతికి ఆకుపచ్చ పట్టీ. ఆ పట్టీ ఉంటే పద్దెనిమిది నిండలేదని గుర్తట, పెద్దవాళ్ళు నోరు పారేసుకోకుండా. అయినా నా పక్కన కూర్చున్నాయన "కళ్ళు కనపడట్లేదా?" అని అరవనే అరిచాడు.

నాకు వెంటనే బిల్ చాడ్విక్ గుర్తొచ్చాడు. న్యూయార్క్ కుర్రాడు, మంచి ఆటగాడు. 1935లో ఆటకని మంచు మీదికి దిగుతుంటే పక్ వచ్చి కుడి కంటికి తగిలింది. పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ళ. బరువు దాదాపు 170 గ్రాములు. ఎగిరెగిరి పడకుండా ముందే ఫ్రీజర్‌లో గడ్డకట్టించి మరీ తెస్తారు. ఆ కంటి చూపు పోయింది. మళ్ళీ ఆడితే ఈసారి ఎడమ కంటికి దెబ్బ! అది నయమైంది కానీ ఆట మానేశాడు. ఒకరోజు మంచు తుఫానులో చిక్కుకుని రిఫరీ రాకపోతే, ఈయన చేతికి విజిల్ ఇచ్చారు.

అలా మొదలై 1939లో ఉత్తర అమెరికాలో పెద్ద హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్ఎల్‌లో అడుగుపెట్టాడు, 1955 దాకా ఉన్నాడు. "గుడ్డోడా!" అని జనం తిట్టేవాళ్ళు. సగం నిజమే మరి! ఒక్క కన్నే కాబట్టి దూరం నుంచి చూసి ఊరుకోకుండా పక్ ఎక్కడుంటే అక్కడికి స్కేటింగ్ చేసుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఆ గోలలో తన మాట ఎవరికీ వినపడదని చేతులతో చెప్పడం మొదలుపెట్టాడు. పట్టుకుని ఆపితే తన మణికట్టు పట్టుకుని చూపించేవాడు, కాలు అడ్డం పెడితే కాలి మీద చరుచుకునేవాడు. ఆ సైగలు ఆ తర్వాత అందరివీ అయ్యాయి. 1964లో ఆయన పేరు హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కింది.

రెండు కళ్ళున్నా తప్పు జరగదని కాదు. 1993లో లాస్ ఏంజిలిస్ ఆటగాడు గ్రెట్స్కీ కర్ర టొరంటో ఆటగాడు గిల్మర్ గడ్డానికి తగిలి రక్తం కారింది. రిఫరీ కెర్రీ ఫ్రేజర్ చూడలేదు, ఆయనకి సాయంగా ఉండే లైన్స్‌మన్లూ చూడలేదు. చూసుంటే గ్రెట్స్కీని ఆట బయట కూర్చోబెట్టేవాళ్ళు. కాసేపటికి ఆ గ్రెట్స్కీయే గోల్ వేశాడు, టొరంటో ఆ ఆట ఓడింది. ఫ్రేజర్ 1,904 లీగ్ ఆటలు నడిపించాడు. ఈ ఊళ్ళో మాత్రం అందరికీ ఆ ఒక్కటే గుర్తు. అప్పట్లో ఒక్కడే రిఫరీ, ఇప్పుడు ఇద్దరుంటారు.

ఉద్యోగమేనమ్మా బుజ్జీ, కష్టమైన ఉద్యోగం. ఆటగాళ్ళు నిమిషం లోపే బెంచికి వచ్చి ఊపిరి తీసుకుంటారు. రిఫరీకి ఆ వీల్లేదు, అరవై నిమిషాలూ మంచు మీదే. ఆటగాడిగా ఎన్‌హెచ్ఎల్ చేరలేని వెస్ మెకాలీ రిఫరీగా చేరాడు. ఆయన నాన్న కూడా అదే పని చేశాడు.

నిన్న ఆ పిల్ల కూడా ఒకసారి విజిల్ వేసి, కాలి మీద చరిచి చూపించింది. పెనాల్టీ మీ బావకే! వాడు రెండు నిమిషాలు ఆట బయట మూతి ముడుచుకుని కూర్చున్నాడు. వాడు ఇది మీకు చెప్పడు, అందుకే నేను రాస్తున్నాను.

మీ తాతయ్య