బోర్లా పడుకోబెట్టమన్న సలహా, దాన్ని సరిదిద్దడానికి పట్టిన కాలం

ఏడాదిలోపు బిడ్డను రాత్రి నిద్రకైనా పగటి కునుకుకైనా వెల్లకిలానే పడుకోబెట్టాలని అమెరికా, బ్రిటన్ ఆస్పత్రులు నేడు బాలింతలకు చెప్పి పంపుతున్నాయి. అక్కడ పిల్లల్ని కన్న తెలుగు కుటుంబాలకూ ఇది తెలిసిన మాటే. అయితే ఆ దేశాల్లోనే దశాబ్దాలపాటు ఇందుకు పూర్తిగా విరుద్ధమైన సలహా నడిచింది.

డాక్టర్ బెంజమిన్ స్పాక్ 1946లో వెలువరించిన శిశుపోషణ గ్రంథం కోట్ల ప్రతులు అమ్ముడైంది. 1950ల రెండో భాగంలో వచ్చిన ముద్రణ బోర్లా పడుకోబెట్టడమే మేలని చెప్పింది. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయని, తల ఒక పక్క చదునవుతుందని కారణాలు చూపింది. మొదటి భయం ఏ తల్లికైనా సహజమే గాని, శరీర నిర్మాణం దాన్ని సమర్థించదు. వెల్లకిలా పడుకున్న బిడ్డకు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి కాబట్టి, కక్కిన పాలు శ్వాసనాళంలో పడాలంటే పైకి ఎక్కాలి. బోర్లా తిప్పితేనే ఆ అమరిక తలకిందులవుతుంది. పైగా బోర్లా పడుకున్న పసివాడు తాను వదిలిన గాలినే మళ్లీ పీల్చే అవకాశం, ఒళ్లు వేడెక్కే అవకాశం ఎక్కువ. నిద్రలోంచి తేలిగ్గా మేల్కోలేడు కూడా.

ఆరోగ్యంగా ఉన్న శిశువు నిద్రలోనే ప్రాణం విడవడం, శవపరీక్షలోనూ కారణం దొరకకపోవడం అనే విషాదానికి 1969లో సియాటెల్ సదస్సు ‘ఆకస్మిక శిశు మరణం’ (ఇంగ్లిష్‌లో SIDS) అని ఒక నిర్వచనం ఇచ్చింది. పేరు దొరికింది గాని, పడుకోబెట్టే తీరుపై తగినంత దృష్టి పడలేదు. బోర్లా నిద్ర ప్రమాదకరమనడానికి ఆధారాలు 1970 నాటికే ఉన్నాయని, వాటిని అప్పుడే క్రోడీకరించి ఉంటే ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కనీసం 50,000 మంది పసివాళ్ల మరణాలను నివారించగలిగేవారని 2005లో ఒక సమీక్ష అంచనా వేసింది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించేది ఆ సంఖ్యే. పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టడం ఆనవాయితీ అయిన హాంకాంగ్‌లో ఈ మరణాలు అరుదన్న పరిశీలన కూడా 1985లోనే వెలువడింది.

మార్పు నెదర్లాండ్స్‌లో 1987లో మొదలైంది. న్యూజిలాండ్ పరిశోధన, ఇంగ్లండ్‌లో ఏవన్ ప్రాంత అధ్యయనం అదే దారి చూపాయి. 1991 జూలైలో కొడుకు సెబాస్టియన్‌ను పోగొట్టుకున్న టీవీ వ్యాఖ్యాత ఆన్ డైమండ్ పట్టుబట్టి నిలవగా, ఆ డిసెంబరులో బ్రిటన్‌లో ‘బ్యాక్ టు స్లీప్’ (నిద్రకు వెల్లకిలా) ప్రచారం ప్రారంభమైంది. మరుసటి ఏడాదికే ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ మరణాలు దాదాపు సగమయ్యాయి. అమెరికాలో పిల్లల వైద్యుల అకాడమీ 1992లో సిఫారసు చేసింది, 1994లో ప్రచారం సాగింది. వెయ్యి జననాలకు 1.2గా ఉన్న మరణాల రేటు పదేళ్లలోపే సగానికి దిగింది.

ఆ తరువాత తగ్గుదల మందగించింది. నేటికీ అమెరికాలో ఏటా సుమారు 3,500 మంది శిశువులు నిద్రకు సంబంధించిన కారణాలతో మరణిస్తున్నారు. అందుకే ఇప్పుడు దృష్టి బిడ్డ పడుకునే పడక మీదికి మళ్లింది: గట్టిగా, సమతలంగా ఉండే పరుపు, దానికి బిగుతుగా తొడిగిన పరుపు దుప్పటి, అంతే. దిండు, బొంత, మెత్తని బొమ్మలు ఉండకూడదు. తల గుండ్రంగా రావాలని మన ఇళ్లలో పెట్టే ఆవాల దిండుకూ ఇది వర్తిస్తుంది. బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, వేరే పడక మీద పడుకోవాలి. వాలుగా ఉండే శిశు పడకల అమ్మకాన్ని అమెరికా 2022లో చట్టం చేసి నిషేధించింది.

బోర్లా పడితే బొబ్బట్లు పంచే మనవాళ్లకు, ఆ వేడుక తరువాత రాత్రుళ్లు ఏం చేయాలన్న సందేహం రావచ్చు. అప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. అటూ ఇటూ తనంతట తాను దొర్లగలిగిన బిడ్డ నిద్రలో బోర్లా తిరిగితే మళ్లీ మళ్లీ తిప్పనక్కర లేదు, పడక ఖాళీగా ఉంటే చాలు.