పాత చిప్, కొత్త చిప్, మధ్యలో మదర్‌బోర్డు

"నా దగ్గర రైజెన్ 5 3600 ఉంది. అదే బోర్డులో 5700ఎక్స్3డీ పెట్టుకోనా, మొత్తం తీసేసి ఏఎం5కి పోనా?"

గేమ్స్ ఆడేవాళ్లు ఇద్దరు కలిస్తే కాసేపటికి మాట ఇటే తిరుగుతుంది. రైజెన్ అంటే ఏఎండీ కంపెనీ ప్రాసెసర్. మదర్‌బోర్డులో చిప్ కూర్చునే చోటు సాకెట్. పై రెండు చిప్‌లదీ పాత సాకెట్ ఏఎం4, ఏఎం5 దాని తర్వాతది. అడిగినవాడికి కావాల్సింది ఒక్క ముక్కలో జవాబు. చెప్పేవాడేమో ఎదురు ప్రశ్నలు మొదలుపెడతాడు. మానిటర్ ఏది, గ్రాఫిక్స్ కార్డు ఏది, ర్యామ్ ఎంత, ఏ ఆటలు ఆడతావు. ప్రాసెసర్ గురించి అడిగితే ఇవన్నీ ఎందుకని విసుగొస్తుంది. కానీ ఆ ప్రశ్నలు ఊరికే పుట్టలేదు. ఒక్కోదాని వెనకా ఒక్కో దెబ్బ తిన్న కథ ఉంది.

తొంభైల్లో ఇంత గొడవ లేదు. రెండేళ్లు తిరిగేసరికి చేతిలో ఉన్న ప్రాసెసర్ చిన్నబోయేది. వేగం ఎన్ని మెగాహెర్ట్జో పెట్టె మీదే రాసి ఉండేది, పెద్ద అంకె ఉన్నదే మంచిది. ఆ రోజుల్లో కూడా ఒక చవక చిప్ ఈ లెక్కను కాస్త కదిపింది. 1998 ఏప్రిల్‌లో ఇంటెల్ తెచ్చిన మొదటి సెలెరాన్‌లో లెవెల్-2 క్యాష్ (తరచూ కావాల్సిన డేటాను ప్రాసెసర్ దగ్గరే ఉంచే చిన్న, వేగమైన మెమరీ) అసలు లేదు. ఖర్చు తగ్గించడానికి పీకేశారు, చిప్ నీరసంగా నడిచింది. నాలుగు నెలలకే, ఆగస్టులో, 300ఏ వచ్చింది. ఇందులో 128 కిలోబైట్ల క్యాష్‌ను ప్రాసెసర్ ముక్కలోనే కలిపేసి, ప్రాసెసర్‌తో సమానమైన వేగంతో నడిచేలా చేశారు. బస్ (ప్రాసెసర్‌ను మిగతా బోర్డుతో కలిపే దారి) వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే ఆ 300 కాస్తా 450 అయ్యేది. ఖరీదైన పెంటియం 2తో ఆటల్లో సై అంటే సై అనేది. ఈ క్యాష్ సంగతి గుర్తుంచుకోండి, ఇరవై నాలుగేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

మెగాహెర్ట్జ్ పరుగు 2004లో గోడకు తగిలింది. పెంటియం 4 ఆ ఏడాది నవంబరులో 3.8 గిగాహెర్ట్జ్ దాకా వచ్చి ఆగిపోయింది. 4 గిగాహెర్ట్జ్ మోడల్‌ను ఇంటెల్ అంతకు కాస్త ముందే రద్దు చేసుకుంది. కారణం వేడి, కరెంటు. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో 2.4 గిగాహెర్ట్జ్‌తోనే ఆ 3.8ని దాటేసింది. దాంతో అంకె చూసి కొనే కాలం పోయింది. ఏ చిప్ మేలో తెలియాలంటే ఎవరో ఒకరు ఆట నడిపించి కొలవాల్సిందే అన్న స్థితి వచ్చింది.

2011 జనవరిలో వచ్చిన ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ తరం చిప్‌ల దగ్గర అసలు కథ మొదలవుతుంది. వాటిలో ఒకటి ఐ5-2500కె. నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), విడుదల ధర 216 డాలర్లు. మామూలు కూలర్ పెట్టి 4.5 గిగాహెర్ట్జ్ దాకా తోస్తే కిక్కురుమనకుండా నడిచేది. అదే ఏడాది అక్టోబరులో ఏఎండీ బుల్‌డోజర్ అనే చిప్‌లను దించింది. ఎనిమిది కోర్లని చెప్పింది గానీ ఒక్కో కోర్ సత్తా తక్కువ, పైగా జంటగా ఉన్న కోర్లు కొన్ని భాగాలను పంచుకునేవి. అసలు వాటిని ఎనిమిది అనొచ్చా అన్న వ్యవహారం అమెరికా కోర్టుకెక్కి, 2019లో 1.21 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది.

ఎదురుగా పోటీదారు లేకపోతే ఏం జరుగుతుందో తర్వాతి ఆరేళ్లూ చూపించాయి. 2017 జనవరిలో వచ్చిన ఐ7-7700కెలోనూ నాలుగే కోర్లు. మధ్యలో సాకెట్లు మాత్రం 1155 నుంచి 1150కి, అక్కడి నుంచి 1151కి మారుతూ పోయాయి. ఏడాదికి కొంచెం చొప్పున పెరిగే వేగం కోసం బోర్డు మార్చడం దండగ అని ఆడేవాళ్లు తీర్మానించుకున్నారు. "ప్రాసెసర్ ముట్టుకోకు, డబ్బంతా గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టు" అన్న సలహా అప్పుడు పుట్టిందే. ఆ రోజుకి అది నూటికి నూరుపాళ్లూ సరైన సలహా. పాపం, కాలం మారాక కూడా చాలామంది దాన్నే పట్టుకుని కూర్చున్నారు.

ఈలోపు రెండు మార్పులు నెమ్మదిగా జరిగాయి. మొదటిది కొలిచే పద్ధతిలో. 2011 సెప్టెంబరులో టెక్ రిపోర్ట్ అనే వెబ్‌సైట్ ఒక కొత్త వాదన తెచ్చింది: సెకనుకు సగటున ఎన్ని ఫ్రేములని కాదు, ఒక్కో ఫ్రేముకు ఎంత సమయం పట్టిందో చూడాలి. దీంట్లో కిటుకు చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక సెకనులో 60 ఫ్రేములు వచ్చాయనుకోండి. వాటిలో 59 ఫ్రేములు ఒక్కోటి 15 మిల్లీసెకన్లలో వచ్చి, మిగిలిన ఒక్కటి 115 తీసుకుంది. మొత్తం సరిగ్గా 1000 మిల్లీసెకన్లు, సగటు 60 ఎఫ్‌పీఎస్. కాగితం మీద నున్నగా ఉంది. తెర మీద మాత్రం కారు మలుపు తిరుగుతుండగా బొమ్మ తటాలున ఆగి, ముందుకు గెంతుతుంది. ఇవాళ ప్రతి రివ్యూలో సగటు పక్కన "1 శాతం లో" (అతి నెమ్మదిగా వచ్చిన 1 శాతం ఫ్రేముల వేగం) అని ఇంకో గీత కనిపించడం ఆ ఆలోచన పెట్టిన భిక్షే. నన్నడిగితే పాత, కొత్త ప్రాసెసర్లను పోల్చేటప్పుడు ముందు చూడాల్సిన అంకె అదే.

రెండోది ఆటలు తయారయ్యే తీరులో. 2013 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండింట్లోనూ ఏఎండీ జాగ్వార్ కోర్లు ఎనిమిదేసి ఉన్నాయి. ఒక్కోటీ బలహీనమే. బలహీనమైన ఎనిమిది కోర్లతో ఆట నడవాలంటే పనిని ముక్కలు చేసి పంచక తప్పదు. గేమ్ స్టూడియోలు ఆ విద్య నేర్చుకోవడానికి రెండు మూడేళ్లు పట్టింది. నేర్చుకున్నాక పీసీలో నాలుగు థ్రెడ్ల ఐ5కి కష్టాలు మొదలయ్యాయి. నాలుగూ నూరు శాతం నిండిపోయి, వెనక వాయిస్ చాట్‌కో విండోస్‌కో కాస్త చోటు కావాలంటే ఫ్రేమ్ ఆగి దారివ్వాలి. సగటు బాగానే ఉండేది, ఆట మాత్రం కుదుపులు.

2500కెతో పాటే వచ్చిన ఐ7-2600కెకి, ఒక్కో కోర్ రెండేసి థ్రెడ్లు నడిపే హైపర్‌థ్రెడింగ్ వల్ల, ఎనిమిది థ్రెడ్లు, ధర 317 డాలర్లు. ఆటలకైతే ఆ అదనపు వంద డాలర్లు వృథా అని అప్పట్లో చెప్పని రివ్యూ లేదంటే అతిశయోక్తి కాదు. ఆరేడేళ్ల తర్వాత కొత్త ఆటల్లో 2600కె నెట్టుకొస్తుంటే 2500కె ఆయాసపడింది. రివ్యూలు అబద్ధం చెప్పలేదు. అవి ఆనాటి ఆటలతో కొలిచాయి, కొన్నవాళ్లు ఆ చిప్‌ను ఆరేళ్లు వాడారు. చిప్ వేగం ఒక్క మెగాహెర్ట్జ్ కూడా తగ్గలేదు, ఆటలు కోరే కనీస స్థాయి పైకి జరిగింది. 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లలో ఎనిమిదేసి జెన్ 2 కోర్లు (జెన్ అంటే రైజెన్ లోపలి కోర్ల డిజైన్) పెట్టాక ఆ స్థాయి ఇంకో మెట్టు ఎక్కింది.

2017 మార్చి 2న రైజెన్ వచ్చింది. ఎనిమిది కోర్ల రైజెన్ 7 1700 ధర 329 డాలర్లు. 1080పీ రిజల్యూషన్‌లో కొలిస్తే ఆటల్లో 7700కెనే ముందుంది, ఆ మాట దాచనక్కర్లేదు. కానీ కోర్ల సంఖ్యలో ఇంటెల్ ఆరేళ్ల నిద్ర ఆ దెబ్బతో వదిలింది. అదే ఏడాది అక్టోబరులో ఇంటెల్ ఐ5లోనూ ఆరు కోర్లు వచ్చాయి. సాకెట్ పేరు పాతదే, 1151. అయినా పాత బోర్డులో పనిచేయదు, కొత్త 300 సిరీస్ బోర్డు కొనాల్సిందే.

ఏఎండీ ఇక్కడే వేరే దారి పట్టింది. ఏఎం4 సాకెట్‌ను 2020 దాకా కొనసాగిస్తామని ముందే మాటిచ్చింది. 2019 జులైలో 199 డాలర్లకు రైజెన్ 5 3600 వచ్చినప్పుడు, రెండేళ్ల కిందటి బోర్డున్నవాళ్లు బయోస్ (బోర్డును మేల్కొలిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి చిప్ మార్చుకున్నారు, పని అయిపోయింది. అయితే ఈ మాట నిలబెట్టుకోవడం కూడా సాఫీగా ఏం సాగలేదు. 2020 మేలో, రాబోయే జెన్ 3 చిప్‌లు ఏఎం4లోని 400 సిరీస్ బోర్డుల్లో పనిచేయవని ప్రకటించింది. బయోస్ చిప్‌లో చోటు చాలదన్నది కారణం. కొన్నవాళ్లు మండిపడ్డారు, కొద్దిరోజులకే కంపెనీ వెనక్కి తగ్గింది. 2022లో ఇంకా పాతవైన తన 300 సిరీస్ ఏఎం4 బోర్డులకూ దారి తెరిచింది. మరో సంగతి: జెన్ 3 ఆటల్లో ఇంటెల్‌ను దాటగానే 5600ఎక్స్‌కు 299 డాలర్లు పెట్టారు. ఎక్స్ లేని చవక 5600 కోసం 2022 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. పోటీ లేకపోతే ఎవరైనా అంతే.

3600ని, 5600ఎక్స్‌ని పక్కపక్కన పెట్టి చూస్తే బయటికి తేడా తెలియదు. రెండింట్లోనూ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 (లెవెల్-3) క్యాష్. తేడా లోపల ఉంది. 3600లో ఆ 32 ఎంబీ రెండు గదులుగా చీలి ఉంటుంది, మూడు కోర్లకు 16, ఇంకో మూడింటికి 16. పక్క గదిలో ఉన్న డేటా కావాలంటే చుట్టూ తిరిగి రావాలి. 5600ఎక్స్‌లో మధ్య గోడ పడగొట్టారు, ఆరు కోర్లూ మొత్తం 32నీ వాడుకుంటాయి. ఆటల్లో కనిపించిన పెరుగుదలలో దీని వాటా పెద్దదే.

ఇక ఆ గుర్తుంచుకోమన్న సంగతి. 2022 ఏప్రిల్‌లో ఏఎండీ 449 డాలర్లకు 5800ఎక్స్3డీని తెచ్చింది. మామూలు 5800ఎక్స్ మీద ఇంకో 64 ఎంబీ క్యాష్‌ను మేడలా ఎక్కించి మొత్తం 96 ఎంబీ చేసింది. వేడి వల్ల గరిష్ట వేగం 4.7 నుంచి 4.5 గిగాహెర్ట్జ్‌కి దిగింది, ఓవర్‌క్లాకింగ్‌కి (నిర్ణీత వేగం మించి తోయడానికి) తాళం పడింది. వీడియో ఎడిటింగ్‌లాంటి పనుల్లో దానివల్ల పెద్దగా లాభం లేదు. ఆటల్లో మాత్రం 589 డాలర్ల ఐ9-12900కెకి సమానంగా నిలిచింది, కొన్నిచోట్ల దాటింది. ప్రతి ఫ్రేముకూ ఆట వేల వస్తువుల చిట్టా తిరగేస్తుంది: ఎవరు ఎక్కడున్నారు, ఏది దేనికి తగిలింది, ఏది గీయాలి. కావాల్సింది ఎల్3లో దొరికితే పదో పన్నెండో నానోసెకన్లు. ర్యామ్ దాకా పోవాల్సొస్తే దానికి ఆరేడు రెట్లు. 144 ఎఫ్‌పీఎస్‌లో ఫ్రేముకు ఉండేది 7 మిల్లీసెకన్లలోపే. అందులో ప్రాసెసర్ ఎంతసేపు ఊరికే ఎదురుచూస్తుందన్నదే తేడా. సెలెరాన్ 300ఏ చేసింది కూడా ఇదే పని, చిన్న ఎత్తున.

దీంతో పోలిక తలకిందులైంది. 2022 సెప్టెంబరులో ఏఎం5 వచ్చింది, దానికి డీడీఆర్5 తప్ప వేరే ర్యామ్ పట్టదు. అంటే ఒకపక్క ఒక్క చిప్, ఇంకోపక్క చిప్, బోర్డు, ర్యామ్ మూడూ. ఏఎం5కి చేసిన 7800ఎక్స్3డీ, 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీ ఆటల్లో పాతవాటి కంటే స్పష్టంగా ముందున్నాయి, సందేహం లేదు. కానీ 2024 జనవరిలో, కొత్త సాకెట్ వచ్చి ఏడాది దాటాక, పాత సాకెట్‌కే 249 డాలర్లకు 5700ఎక్స్3డీ దించారంటే ఏఎం4 బోర్డులు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో ఊహించుకోవచ్చు. 2025 చివర్లో ఏఐ సర్వర్ల గిరాకీకి ర్యామ్ ధరలు భగ్గుమన్నాక, చేతిలో ఉన్న ఏఎం4 బోర్డు ర్యామ్, అంటే డీడీఆర్4, విలువ ఇంకాస్త తెలిసొచ్చింది.

కొత్తదైతే వేగమే అన్న నమ్మకానికీ 2024లో గండి పడింది. ఇంటెల్ కోర్ అల్ట్రా 200ఎస్ కరెంటు బాగా ఆదా చేసింది గానీ, చాలా ఆటల్లో అంతకుముందు తరం 14900కె కంటే వెనకబడింది. అలాగని ఆ ముందు తరం నిశ్చింతగా కొనుక్కునేదీ కాదు. 13, 14 తరాల పెద్ద చిప్‌లలో వోల్టేజ్ అదుపు తప్పి కాలక్రమంలో చిప్ దెబ్బతింటోందని తేలింది. ఇంటెల్ ఆగస్టులో మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్‌కు సవరణ) ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది. మైక్రోకోడ్ జరగబోయే నష్టాన్ని ఆపుతుందే గానీ జరిగినదాన్ని బాగుచేయదు, కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు దాని గత చరిత్ర కూడా అడగాల్సిన రోజులొచ్చాయి. వేగంతో సంబంధం లేని ముసలితనం ఇంకోటుంది: విండోస్ 11 మద్దతిచ్చే ప్రాసెసర్ల జాబితా. 2021లో అది ఇంటెల్ 8వ తరం, రైజెన్ 2000 దగ్గర గీత గీసింది. నిక్షేపంలా నడుస్తున్న రైజెన్ 7 1700 గీతకు అవతల పడిపోయింది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది.

మొదటి ప్రశ్నకు వస్తే, ముందు ఖర్చులేని పరీక్ష ఒకటుంది. రోజూ ఆడే ఆట తెరిచి రిజల్యూషన్ బాగా తగ్గించండి. ఎఫ్‌పీఎస్ ఎగబాకితే ఇన్నాళ్లూ అడ్డం పడింది గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ మార్చినా ఒరిగేదేం లేదు. అంకె కదలకపోతే అడ్డం ప్రాసెసరే. రివ్యూల్లో ఎవరూ ఆడని తక్కువ రిజల్యూషన్‌లో కొలిచేదీ ఇందుకే. కదలని పక్షంలో, 60 హెర్ట్జ్ మానిటరైతే ఇంకా ఆగొచ్చు. 144 ఉండి, బోర్డు మంచిదైతే, ఎక్స్3డీ దొరికితే అదే వేసుకోమంటాను. దొరక్కపోతే మామూలు ఎనిమిది కోర్ల 5700ఎక్స్ కూడా 3600 మీద నయమే.

మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఏఎం4లో పిన్నులు చిప్‌కే ఉంటాయి. చిప్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ ఎండిపోయి ఉంటే కూలర్‌ను లాగినప్పుడు చిప్ కూడా దానికి అతుక్కుని సాకెట్‌లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. ఓ అరగంట ఆట ఆడి వేడెక్కాక ఆపేసి, కూలర్‌ను అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. రెండోది, బయోస్ అప్‌డేట్ పాత చిప్ ఉండగానే చేసేయాలి. హుషారులో అది మరిచిపోయి కొత్తది బిగించి, ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉండిపోతే కంగారుపడక్కర్లేదు. కొత్తదాన్ని తీసి, మళ్లీ పేస్ట్ రాసి, ఆ 3600నే ఇంకో పది నిమిషాల కోసం వెనక్కి పెట్టాలి.