సింధియా కంపెనీ: నేను తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

విశాఖలో గాజువాక వైపు వెళ్లే బస్సులో కండక్టరు "సింధియా, సింధియా" అని కేకేస్తే దిగేవాళ్లు దిగిపోతారు. ఆ పేరు ఎక్కడిదని అడిగేవాళ్లు తక్కువ. అది సింధియా అనే ఓడల కంపెనీది. చాలా ఏళ్లు స్టీమర్ ఏజెంటు ఆఫీసులో సరుకు కాగితాలు చూసినవాణ్ణి. ఇప్పటికీ తీర రవాణా చరిత్ర దొరికితే వదలను. అందుకే ఈ కంపెనీ గురించి పొరపాటు మాట వింటే ఊరుకోలేను.

అపోహ: సింధియా గ్వాలియర్ మహారాజుల కంపెనీ.

వాస్తవం: కాదు. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ, మరికొందరు వ్యాపారులు బొంబాయిలో పెట్టిన సంస్థ ఇది. వాళ్లు మొదట కొన్న ఓడ గ్వాలియర్ సింధియా మహారాజాది. ఆ పేరే కంపెనీకీ వచ్చింది. ఆ ఓడ 'లాయల్టీ'. 1891లో ఇంగ్లండ్‌లో కట్టినప్పుడు దాని పేరు 'ఎంప్రెస్ ఆఫ్ ఇండియా'. తెల్లటి ఒళ్లు, మూడు తెరచాప కొయ్యలు, రెండు లేత పసుపు పొగగొట్టాలు. వాంకూవర్, హాంకాంగ్ మధ్య ప్రయాణికులను తిప్పింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మహారాజా దాన్ని కొని, గాయపడిన సైనికుల కోసం ఆసుపత్రి ఓడగా మార్పించారు.

అపోహ: లాయల్టీ లండన్ ప్రయాణంతోనే స్వదేశీ నౌకాయానం మొదలైంది.

వాస్తవం: ఆ ఓడ 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుంచి బయలుదేరింది. 1964 నుంచి ఆ తేదీనే జాతీయ నౌకాయాన దినోత్సవం జరుపుతున్నాం. ఆ గౌరవం తగినదే. కానీ అప్పటికి ఓడ వయసు 28 ఏళ్లు. 1921కల్లా మూలన పడింది, 1923లో తుక్కుకు పోయింది. ఇక మొదలంటారా, వి.ఓ. చిదంబరం పిళ్లై 1906లోనే తూత్తుకుడిలో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి కొలంబోకు ఓడలు నడిపారు. ఆయన్ని మరిచిపోతే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: బ్రిటిష్ ఓడలు మంచివి కాబట్టి మనవాళ్లు పోటీలో నిలవలేకపోయారు.

వాస్తవం: ఎక్కువమంది నమ్మేది ఇదే, అన్నిటికన్నా తప్పు కూడా ఇదే. తీరం మీద పెత్తనం బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. దాని చేతిలోని అసలు ఆయుధం 'డిఫర్డ్ రిబేట్', అంటే ఆలస్యంగా ఇచ్చే రాయితీ. రంగూన్ నుంచి బియ్యం బస్తాలు తెప్పించే వ్యాపారినే తీసుకోండి. ఓడ కిరాయి మొత్తం ముందే కడతాడు. అందులో కొంత రిబేటుగా వెనక్కి రావాలి. అది వెంటనే చేతికి రాదు, నెలల తరబడి కంపెనీ దగ్గరే ఉంటుంది. ఈలోగా ఒక్క లోడు వేరే ఓడకు ఇచ్చినా ఆ సొమ్మంతా పోయినట్టే. ఇక సింధియా కిరాయి తగ్గించి అడిగినా అతను ఎలా వస్తాడు? కిరాయి లెక్కలు చూసిన అనుభవంతో చెబుతున్నాను, వ్యాపారిని కట్టిపడేయడానికి ఇంతకన్నా గట్టి తాడు లేదు.

దానికి తోడు రేట్ల కోత. తూత్తుకుడిలోనూ జరిగింది అదే: జనం చిదంబరం పిళ్లై ఓడ ఎక్కకుండా బ్రిటిష్ కంపెనీ టికెట్ ధర దించేసి, చివరికి ఉచితంగా కూడా తీసుకెళ్లింది. సింధియా మాత్రం తట్టుకుంది, కానీ 1923లో ఆ బ్రిటిష్ కంపెనీతో రాజీకి రావాల్సి వచ్చింది. పదేళ్ల ఒప్పందం. విదేశీ రూట్ల ఊసెత్తకుండా తీరం సరుకుకే పరిమితం కావాలి. లండన్ దాకా వెళ్లిన కంపెనీ తీర రవాణా కంపెనీగా మిగిలింది అందుకే. తీర రవాణా స్వదేశీ ఓడలకే దక్కాలని ఎస్.ఎన్. హాజీ 1928లో కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. ఆ హక్కు స్వాతంత్ర్యం వచ్చాకే దక్కింది.

అపోహ: విశాఖ షిప్‌యార్డు మొదటి నుంచీ ప్రభుత్వానిదే.

వాస్తవం: 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేసినప్పుడు అది సింధియా వాళ్ల యార్డు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో విశాఖపై జపాన్ బాంబులు పడ్డాయి. అయినా యార్డు నిలబడింది. 1948 మార్చి 14న నెహ్రూ అక్కడ కట్టిన 'జల ఉష' ఓడను నీటిలోకి వదిలారు. హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారింది 1952లో. పూర్తిగా ప్రభుత్వం చేతికి వచ్చింది 1961లో. కంపెనీ పేరు మాత్రం ఆ ప్రాంతానికి ఉండిపోయింది, కండక్టరు పిలిచేది దాన్నే.