బోరు మోటారుకూ ఐటీఐ వర్క్‌షాపుకూ మధ్య దూరం: అనంతపురం నేపథ్యం

అనంతపురం పల్లెల్లో బోరు మోటారు కాలిపోతే బాగుచేసే వాళ్లలో ఎక్కువమంది షాపు యజమాని దగ్గరే పని నేర్చుకున్నవాళ్లు. ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఉన్న పిల్లలు బెంగళూరు బస్సెక్కుతున్నారు. వాళ్లను అని లాభం లేదు, చదువును కట్టిన తీరే అలాంటిది.

సాంకేతిక విద్య ఇక్కడికి ఆలస్యంగా ఏమీ రాలేదు. 1946లో గిండీలో మొదలైన ఇంజినీరింగ్ కాలేజీ 1948లోనే అనంతపురానికి తరలివచ్చింది. ఇప్పటి జేఎన్‌టీయూ కాలేజీ అదే. 1950లో కేంద్రం పెట్టిన వృత్తి శిక్షణ పథకం కింద దేశమంతా ఐటీఐలు వచ్చాయి. ఫిట్టర్, టర్నర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ ట్రేడ్లన్నీ ఫ్యాక్టరీ కోసం రాసినవి. ఏడాదికి సగటున 550 మి.మీ. వాన పడే, శెనక్కాయ మీద బతికే జిల్లాలో ఆ ఫ్యాక్టరీలే తక్కువ. గుంతకల్లు రైల్వే కొందరికి ఆసరా అయింది, మిగతావాళ్లకు వలసే దిక్కయింది.

ఈలోగా పల్లె మారింది. బావులెండి బోర్లొచ్చాయి. 2003లో సూక్ష్మసేద్యం ప్రాజెక్టు, 2004లో ఉచిత విద్యుత్ వచ్చాక చీనీ, దానిమ్మ తోటల్లో డ్రిప్ పైపులు పరుచుకున్నాయి. పని ఊళ్లోనే పుట్టింది, సిలబస్ మాత్రం దాని దాకా రాలేదు. ఐటీఐ బల్ల మీద విప్పేది ఎక్కువగా గాలితో చల్లబడే మామూలు మోటారు. బోరులో దించేది నీళ్లు నింపిన మోటారు. దాని వైండింగ్ (మోటారు లోపలి చుట్ట) తీగకు ప్లాస్టిక్ పొర ఉంటుంది, పంపు భారమంతా అడుగునున్న థ్రస్ట్ బేరింగ్ మోస్తుంది.

అది కాలడానికి కారణాలు నాలుగైదే. ఒక ఫేజు పోవడం, వోల్టేజీ పడిపోవడం, బోరులో నీళ్లయిపోయాక కూడా తిరగడం, కేబుల్ జాయింట్‌లోకి తేమ దిగడం. కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే ఆటో స్టార్టర్లు పెట్టుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. వోల్టేజీ కుంగి, ఆంపియర్లు పెరిగి వైండింగ్ మాడుతుంది. కారణం చూడకుండా చుట్టి దించితే మళ్లీ కాలుతుంది. దించేముందు 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ (తీగ పొర కరెంటును బయటికి పోనివ్వకుండా ఆపుతోందా అని) చూడాలి. ఆన్ చేశాక క్లాంప్ మీటరుతో మూడు ఫేజుల ఆంపియర్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయో లేదో చూడాలి. ఓవర్‌లోడ్ రిలేను (ఆంపియర్లు మించితే కరెంటు ఆపే స్విచ్) నేమ్‌ప్లేట్ మీదున్న ఆంపియర్లకే పెట్టాలి. రిలే పదేపదే పడుతోందని సెట్టింగు పెంచడం, దాన్ని తప్పించి వైర్లు కలపడం వల్లే రైతు ఎక్కువ నష్టపోతున్నాడు. డ్రిప్‌లో ఇక్కడి కఠిన జలానికి డ్రిప్పర్లలో సున్నం పేరుకుంటుంది. ఆమ్లం పట్టించి, లేటరల్ (డ్రిప్పర్లుండే సన్న పైపు) చివరలు విప్పి కడగాలి. నీళ్లలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు.

ఇలాంటి ఖాళీ పూడ్చడానికే చుట్టుపక్కల పనులకు తగ్గ చిన్న కోర్సులు నేర్పే కమ్యూనిటీ కాలేజీలు. అమెరికాలోని జోలియట్‌లో 1901లో మొదలైన నమూనా 1995-96లో పుదుచ్చేరి, మద్రాసులకు వచ్చింది, 2013 నాటికి యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) పథకమైంది. అందులో 60 శాతం నైపుణ్యానికి, 40 శాతం సాధారణ విద్యకు కేటాయించి, స్థానిక పరిశ్రమతో కలిసి పాఠాలు తయారు చేయమన్నారు. చాలా మంచి నియమం. ఐతే పరిశ్రమ అనగానే మన కళ్లు పెద్ద కంపెనీ వైపే పోతాయి. 2017 ఏప్రిల్‌లో కియా ఒప్పందం జరిగి, 2019 డిసెంబరులో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏటా 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ఐటీఐ, డిప్లొమా పిల్లలకు సొంతగడ్డ మీద పని దొరికే దారి తెరుచుకుంది, అది నిజమైన మేలు. శిక్షణ గురించిన మాటలన్నీ ఆ ఒక్క గేటు చుట్టూ తిరగడమే ఇబ్బంది.

చట్టమూ అటే మొగ్గింది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 2019లో నిబంధనలు మారాక, 30 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తప్పక తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉంటే వాళ్ల ఇష్టం. యజమానీ ఇద్దరు కుర్రాళ్లూ ఉండే రివైండింగ్ షాపు ఆ లెక్కలోకే రాదు. అక్కడ నేర్చుకునేవాడికి స్టైపెండూ లేదు, కాగితమూ లేదు. పని తెలిసినవాణ్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి 2015 నుంచి ఉంది. ముందు దాన్ని ఈ షాపుల దాకా తీసుకెళ్లాలి.

కోర్సు ఎప్పుడు పెడతామన్నదీ ముఖ్యమే. ఆగస్టు అడ్మిషన్లకు చేలో పని ముమ్మరంగా ఉంటుంది. శెనక్కాయ ఇంటికి చేరాక, జనవరిలో మూడు నెలల బ్యాచ్ మొదలుపెడితే కుర్రాళ్లకు తీరిక ఉంటుంది. బోర్లలో నీళ్లు తగ్గి మోటార్లు ఎక్కువగా కాలే మార్చి నాటికి చేతిలో పడటానికి నిజమైన మోటార్లూ ఉంటాయి.