నిక్స్‌ఓఎస్‌లో ఎడిటర్ సెటప్: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలోనో కర్నూలులోనో ఒక కాలేజీ ల్యాబులో అన్ని సిస్టంలకూ నియోవిమ్ అనే కోడ్ ఎడిటర్ ఒకేలా పెట్టాలంటే, సిస్టం సెట్టింగులను ఫైల్లో రాసి నడిపే లైనక్స్ రకం నిక్స్‌ఓఎస్ బాగా పనికొస్తుంది. దాని గురించి సీనియర్లు జూనియర్లకు చెప్పే మాటలే కొన్ని తేడాగా ఉంటాయి.

అపోహ: ప్యాకేజీల జాబితాలో నియోవిమ్ పేరు రాస్తే పనైపోయినట్టే.

వాస్తవం: ప్రోగ్రామ్ వస్తుంది, అంతే. గిట్ కమిట్ కొడితే నానో అనే చిన్న ఎడిటరే తెరుచుకుంటుంది, ఇక్కడ డిఫాల్ట్ అదే కాబట్టి. కాన్ఫిగరేషన్ ఫైల్లో ప్రోగ్రామ్స్.నియోవిమ్ కింద ఎనేబుల్, డిఫాల్ట్‌ఎడిటర్ రెండూ ట్రూ చేసి, నిక్స్‌ఓఎస్-రీబిల్డ్ స్విచ్ కమాండ్ నడపాలి. తర్వాత లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. పాత టెర్మినల్లోనే చూసి రాలేదనుకుంటారు చాలామంది.

అపోహ: నియోవిమ్‌లో మేసన్ ప్లగిన్ ఉంది కదా, లాంగ్వేజ్ సర్వర్లను (కోడ్‌లో తప్పులు చూపే ప్రోగ్రాములను) అదే దింపుకుంటుంది.

వాస్తవం: ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. మేసన్ దింపే బైనరీల్లో చాలావాటికి మామూలు లైనక్స్‌లో లిబ్64 ఫోల్డర్లో ఉండే డైనమిక్ లోడర్ (ప్రోగ్రామ్‌కు కావాల్సిన లైబ్రరీలను జతచేసేది) కావాలి. నిక్స్‌ఓఎస్‌లో అది అక్కడ ఉండదు. పాత వెర్షన్లలోనైతే ఫైలు కళ్లెదుటే ఉన్నా 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అనేది. డౌన్‌లోడ్ చెడిందేమో అని మళ్లీ మళ్లీ దింపుకునేవాళ్లు. పైరైట్, లువా లాంగ్వేజ్ సర్వర్ లాంటివి నిక్స్ ప్యాకేజీలుగానే పెట్టుకోండి. సీ, సీ ప్లస్ ప్లస్‌కు క్లాంగ్-టూల్స్ ప్యాకేజీ తీసుకోండి. ఉత్త క్లాంగ్ కంపైలర్‌తో వచ్చే క్లాంగ్‌డీ లాంగ్వేజ్ సర్వర్‌కు స్టాండర్డ్ హెడర్లు దొరక్క స్క్రీనంతా ఎర్ర గీతలే. ఆ లోడర్ లోటు తీర్చే నిక్స్-ఎల్‌డీ ఎనేబుల్ చేసీ గట్టెక్కవచ్చు గానీ, అది చివరి దారి.

అపోహ: కాన్ఫిగరేషన్ ఫైలు కాపీ చేస్తే ఏ సిస్టంలోనైనా అచ్చం అదే వస్తుంది.

వాస్తవం: ఫ్లేక్ (నిక్స్ కాన్ఫిగరేషన్‌ను పెట్టుకునే పద్ధతి) వాడితే, వెర్షన్లను రాసిపెట్టే ఫ్లేక్.లాక్ ఫైలు కూడా వెంట పోతేనే. ప్యాకేజీల భండారమైన నిక్స్‌ప్యాకేజెస్ ఏ కమిట్‌దో అందులోనే ఉంటుంది. లేజీ ప్లగిన్ మేనేజర్‌తో దింపినవి దీని లెక్కలోకి రావు, వాటికి వేరే లాక్ ఫైలు ఉంది. ఫ్లేక్ గిట్ ఫోల్డర్లో ఉంటే కొత్త ఫైలును గిట్ యాడ్ చేసేదాకా నిక్స్‌కు అది కనపడదు. కమిట్ అక్కర్లేదు, యాడ్ చాలు.

అపోహ: చిన్న మార్పుకు కూడా గంటలకొద్దీ కంపైల్ అవుతుంది.

వాస్తవం: ప్లగిన్ చేరిస్తే నియోవిమ్‌ను చుట్టి నడిపే పైనున్న రాపర్ ఒక్కటే మారుతుంది. కంపైల్ పడేది నియోవిమ్ సోర్సుకే ప్యాచ్ వేసినప్పుడు. ఫ్లేక్ అప్‌డేట్ సంగతి వేరు, చాలా డేటా దిగుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద మాత్రం కొట్టకండి.

అపోహ: వీఎస్ కోడ్‌లో సెట్టింగులు సేవ్ కాకపోతే పర్మిషన్ల తప్పు.

వాస్తవం: యూజర్ సెట్టింగులను నిక్స్‌తో నడిపే హోమ్ మేనేజర్ పెట్టిన సెట్టింగుల ఫైలు నిక్స్ స్టోర్‌కు (ప్యాకేజీలన్నీ ఉండే ఫోల్డర్‌కు) లింకు. స్టోర్ ఉండేదే రీడ్-ఓన్లీగా, సుడో జోలికి పోవద్దు. మార్పు నిక్స్ ఫైల్లో చేయండి.

అపోహ: తెలుగు సరిగా రాకపోతే ఎడిటర్ మార్చాలి.

వాస్తవం: ముందు సిస్టం చూడండి. ఫాంట్లలో నోటో, ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్, దాని ఇంజన్లలో ఎం17ఎన్ చేరిస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ టైపింగ్ పద్ధతులు రెండూ దొరుకుతాయి. అయినా ఒత్తులు చెదిరితే అది చాలావరకు అక్షరాలను సమాన గళ్లలో పేర్చే టెర్మినల్ లెక్కతో వచ్చే చిక్కు. తెలుగు ఎక్కువగా రాసేవాళ్లు కేట్ అనే ఎడిటర్ పెట్టుకోవడమే మేలు.

అపోహ: ఏం చెడినా పాత స్థితికి తీసుకెళ్లే రోల్‌బ్యాక్ ఉంది.

వాస్తవం: వెనక్కి వెళ్లేది సిస్టం మాత్రమే. హోమ్ ఫోల్డర్లో మీరు చేత్తో రాసిన ఇనిట్.లువా (నియోవిమ్ సెట్టింగుల ఫైలు), దింపుకున్న ప్లగిన్లు ఉన్నచోటే ఉంటాయి. డిస్కు నిండిందని రూట్‌గా నిక్స్-కలెక్ట్-గార్బేజ్ డీ ఆప్షన్‌తో కొట్టారంటే పాత జనరేషన్లన్నీ (సిస్టం పాత రూపాలు) పోతాయి, వెనక్కి వెళ్లడానికి ఇక ఏమీ మిగలదు.